మైకులో తన పేరు విన్నవాడు

కాజీపేట జంక్షన్‌కు దగ్గరలో ఇల్లు ఉన్నవాళ్లకు స్టేషన్ మైకు అలవాటే. రాత్రిపూట గాలి ఇటు తిరిగితే ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మంచం మీద పడుకునే తెలుసుకోవచ్చు. అలాంటి ఒక రాత్రి రెండు గంటలకు మా తమ్ముడు నన్ను తట్టి లేపాడు. "అన్నా, విన్నావా? ఇప్పుడే నా పేరు చెప్పారు" అన్నాడు. చెవి ఒగ్గి విన్నాను. "దయచేసి వినండి" అంటూ ఏదో బండి రాకను చెబుతున్నారు. ఆ మాటే వాడితో అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు. "అది అందరికీ చెప్పేది. మధ్యలో నాకు చెప్పేది నీకు వినపడదులే" అన్నాడు.

వాడికప్పుడు ఇరవై ఏళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడి మాటల కంటే ఆ జాలి చూపే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అబద్ధం చెప్పేవాడు అలా చూడడు. తనకు తెలిసిన నిజం ఎదుటివాడికి తెలియదే అని నొచ్చుకునేవాడు చూసే చూపు అది. పదకొండేళ్లుగా ఈ వ్యాధి మా ఇంట్లో ఒక మనిషిలా ఉంటోంది. చదివింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, తప్పులు చేసి నేర్చుకున్నది కలిపి రాస్తున్నాను. స్కిజోఫ్రేనియా అనే మాట విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. దాని లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు తక్కువ. ఆ తెలియనితనం వల్ల ఇళ్లలో జరిగే నష్టం, వ్యాధి చేసే నష్టానికి ఏమీ తీసిపోదు.

ఇది అరుదైన రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 2.4 కోట్ల మందికి ఉంది, అంటే దాదాపు 300 మందిలో ఒకరికి. ఆ లెక్కన మూడు వేల జనాభా ఉన్న ఊరిలో పది మంది ఉండాలి. వాళ్లు మనకు కనిపించరు. కొందరు ఇంటి వెనుక గదిలో ఉంటారు, కొందరు ఊరి బయట గుడి అరుగు మీద ఉంటారు, ఇంకొందరు ‘దేశాలు పట్టిపోయిన’వాళ్ల లెక్కలో కలిసిపోతారు. మా నాన్న మేనమామ ఒకాయన అలాగే దేశాలు పట్టిపోయాడని చిన్నప్పుడు వినేవాళ్లం. ఎందుకు పోయాడని ఎవరూ చెప్పలేదు. మా తమ్ముడికి వ్యాధి అని తేలాకే ఆ ‘ఎందుకు’ గురించి ఇంట్లో మొదటిసారి మాట్లాడుకున్నాం.

పేరు దగ్గరే పెద్ద అపోహ ఉంది. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ పంతొమ్మిదో శతాబ్దం చివర దీన్ని చిన్న వయసులోనే వచ్చే మతి క్షీణతగా వర్ణించాడు. రోగులందరూ అలా క్షీణించిపోవడం లేదని గమనించిన స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లూలర్ 1908లో కొత్త పేరు పెట్టాడు. చీలడం, మనసు అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటల కలయికే స్కిజోఫ్రేనియా. ఆలోచన, ఉద్వేగం, చేత ఒకదానితో ఒకటి పొత్తు తప్పడమే ఆయన చెప్పదలచిన చీలిక. జనం మాత్రం ఒక మనిషిలో ఇద్దరు మనుషులని అర్థం చేసుకున్నారు, సినిమాలు ఆ అపోహకు నీళ్లు పోశాయి. వ్యక్తిత్వాలు మారిపోయే సమస్య వేరు, ఇది వేరు. స్కిజోఫ్రేనియా వచ్చినవాడు మనకు తెలిసిన ఆ ఒక్క మనిషే. చుట్టూ ఉన్న ప్రపంచమే వాడికి మారిపోతుంది.

ఎలా మారుతుందో చెప్పాలంటే హనుమకొండ చౌరస్తాకు రావాలి. సాయంత్రం ఏడు గంటలకు అక్కడ నిలబడితే హారన్లు, తోపుడుబండ్ల మీది కేకలు, ఎవరి ఫోనులోనో పాట, ఎదురుగా వచ్చే నలభై ముఖాలు. మన మెదడు వీటిని దాదాపు అన్నిటినీ వదిలేస్తుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మాత్రం తల టక్కున తిరుగుతుంది. ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి అన్న ఈ ఏరివేతలో డోపమైన్ అనే రసాయనానికి పెద్ద పాత్ర ఉంది. ‘ఇది ముఖ్యం’ అని ముద్ర వేసేది అదే అనుకోవచ్చు. వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు మెదడులోని ఒక భాగంలో డోపమైన్ అవసరానికి మించి విడుదలవుతుంది. దాంతో ముద్ర పడకూడని వాటి మీదా పడుతుంది. పక్కింటి గేటు చప్పుడు, దారిన పోయేవాడి దగ్గు, టీవీలో వార్తలు చదివే మనిషి రెప్ప వాల్చడం, అన్నీ తన గురించే అన్నట్టు తోస్తాయి.

షితిజ్ కపూర్ అనే మానసిక వైద్యుడు 2003లో ఈ వివరణకు ఒక రూపం ఇచ్చాడు. రోజుల తరబడి ప్రతి చిన్న విషయమూ తనతో ఏదో చెబుతున్నట్టు ఉంటే ఎవరైనా కారణం వెతుక్కుంటారు. అలా వెతుక్కున్న సమాధానమే భ్రమ. దొరికిన రోజున మనసు కొంత నిమ్మళిస్తుంది కూడా. తెలిసిన లోకంలోంచే ఆ కారణం దొరుకుతుంది కాబట్టి మా తమ్ముడికి రైల్వే మైకు దొరికింది. ఇంకొకరికి పాలివాళ్లు చేయించిన బాణామతి దొరుకుతుంది, మరొకరికి ఫోనులోంచి వినే పోలీసులు దొరుకుతారు. ఒకప్పుడు రేడియో, ఇప్పుడు సీసీ కెమెరా.

అందుకే వాదించి భ్రమను పోగొట్టలేం. నేను ఆ ప్రయత్నం చేశాను. పట్టుబట్టి వాడిని స్టేషన్‌కు తీసుకెళ్లాను. మైకులో వచ్చే మాటలు కంప్యూటర్‌లో ముందే రికార్డు చేసి పెట్టినవని అక్కడి ఉద్యోగి ఒకాయన పాపం ఓపికగా చూపించాడు. తమ్ముడు అన్నీ విన్నాడు, తల ఊపాడు. తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనుక కూర్చుని, "అయితే నువ్వూ వాళ్లతో కలిశావన్నమాట" అన్నాడు. ఆ తర్వాత నెల రోజులు నేను వడ్డించిన అన్నం ముట్టలేదు.

భ్రమ వేరు, భ్రాంతి వేరు. భ్రమ అంటే ఎంత చెప్పినా కదలని తప్పుడు నమ్మకం. భ్రాంతి అంటే లేనిది వినపడటం, కనపడటం. ఈ వ్యాధిలో ఎక్కువగా వినపడటమే. మనకు మనం చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వు రాదు కదా, ‘ఇది నా చెయ్యే’ అని మెదడుకు ముందే కబురు అందుతుంది కాబట్టి రాదు. మనసులో మాట్లాడుకునేటప్పుడూ ‘ఇది నా మాటే’ అనే కబురు ఒకటి నడుస్తుంది. ఆ కబురు సరిగా అందనప్పుడు సొంత ఆలోచనే బయటి గొంతుగా వినపడుతుందని పరిశోధకుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. గొంతులు వినపడుతున్న సమయంలో తీసిన స్కానుల్లో మాటకు, వినికిడికి సంబంధించిన మెదడు భాగాలు పనిచేస్తూ కనిపించాయి. రోగి ‘వినపడుతోంది’ అన్నాడంటే వాడికి నిజంగా వినపడుతోంది.

ఆ గొంతులు ఏమంటాయన్నది పుట్టి పెరిగిన చోటును బట్టి ఉంటుంది. తాన్యా లూర్‌మన్ అనే మానవ శాస్త్రవేత్త, ఆమె సహచరులు అమెరికాలోని శాన్ మాటియోలో, ఘనా రాజధాని అక్రాలో, మన చెన్నైలో ఒక్కో చోట 20 మంది రోగులతో మాట్లాడి 2014లో ఫలితాలు ప్రచురించారు. అమెరికా రోగులకు హింస, యుద్ధం గురించిన గొంతులు ఎక్కువ. చెన్నైలో చాలామందికి వినపడ్డవి చుట్టాల గొంతులు, స్నానం చెయ్యి, ఇంటి పని చూడు అని పురమాయించేవి. మా తమ్ముడికి మైకు కాక ఇంకో గొంతు వినపడేది. చనిపోయిన మా నాయనమ్మది. "అన్నం తిన్నావా బిడ్డా" అని అడిగేదట. మందులు పనిచేశాక మైకుతో పాటు ఆ గొంతూ పోయింది. అది పోయినందుకు ఏడ్చానని వాడు నాకు నాలుగేళ్ల తర్వాత చెప్పాడు. వైద్యం వల్ల ఒక మనిషి ఏం పోగొట్టుకుంటాడో కూడా ఇంట్లోవాళ్లం అడిగి తెలుసుకోవాలని అప్పుడు అనిపించింది.

ఇంతవరకు చెప్పినవన్నీ పైకి కనిపించే లక్షణాలు. అనుమానాలు, కేకలు, తనలో తాను మాట్లాడుకోవడం, ఒక మాటకు ఇంకో మాటకు పొంతన లేకపోవడం. పక్కింటివాళ్లు భయపడేది వీటికే. మందులకు ఎక్కువగా లొంగేవి కూడా ఇవే. మనిషిని లోపల్లోపల తినేసేది చప్పుడు లేకుండా వచ్చే రెండో సగం. చొరవ పోతుంది. ముఖంలో నవ్వు, కోపం, దుఃఖం పలకవు. అడిగితే ఒక్క ముక్కలో జవాబు, అడగకపోతే అదీ లేదు. స్నేహితుల ఫోన్లు తీయడు. ఏకాగ్రత చెదురుతుంది, ఒక పని తర్వాత ఇంకో పని వరుసగా చేసుకుపోయే శక్తి తగ్గుతుంది. చాలామందిలో ఇదే ముందు మొదలవుతుంది, గొంతులు తర్వాత వస్తాయి. కాలేజీకి వెళ్లడం మానేసిన పిల్లవాడిని ప్రేమ వ్యవహారమనో, చెడు సావాసమనో అనుకునేది ఈ దశలోనే.

ఒకరోజు అమ్మ వాడికి డబ్బులిచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర తెమ్మంది. గంటయినా రాలేదు. నేను వెళ్లి చూస్తే సందు మొగలో ఖాళీ సంచి పట్టుకొని నిలబడి ఉన్నాడు. ముందు ఏ బండి దగ్గరికి వెళ్లాలో తేలక ఆగిపోయాడు, అంతే. ఎండకు ముఖం కందిపోయింది, నీడలోకి జరగాలని కూడా తోచలేదు. నాన్న రైల్వేలో ముప్పై ఏళ్లు రాత్రింబగళ్లు డ్యూటీ చేసిన మనిషి. పగలు పన్నెండు దాకా లేవని కొడుకును చూసి ఓర్చుకోలేకపోయేవాడు. సోమరిపోతు అనేవాడు, తినడానికి పనికొస్తావు అనేవాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన్ను ఒకటే ప్రశ్న అడిగింది. "మీ అబ్బాయి ఇంతకుముందు కూడా బద్ధకస్తుడేనా?" నాన్న వెంటనే, "లేదమ్మా, పొద్దున నాలుగింటికి లేచి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పోయి పరుగెత్తేవాడు" అన్నాడు. ఆ మాట అన్నాక ఇంకేమీ మాట్లాడలేదు. బయటికి వచ్చాక తమ్ముడి చెయ్యి పట్టుకొని బస్సు దాకా నడిచాడు.

ఇంటి మాటకు ఉన్న బలాన్ని శాస్త్రం కొలిచింది. 1950లలో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లకు, అద్దె గదుల్లో ఉన్నవాళ్ల కంటే ఎక్కువగా వ్యాధి తిరగబెడుతోందని గమనించాడు. తర్వాతి అధ్యయనాలు దాన్ని విడమరచాయి. ఎడతెగని విమర్శ, కసురుకోవడం, ఊపిరాడనివ్వని అతి జాగ్రత్త ఉన్న ఇళ్లలోనే ఆ తేడా కనిపించింది. 1980లలో చండీగఢ్‌లో అదే కొలత పెట్టి చూస్తే మన కుటుంబాల్లో విమర్శ లండన్ కంటే తక్కువగా ఉంది, ఏడాదిలోపు తిరగబెట్టినవాళ్లూ తక్కువే. ఇంటినిండా మనుషులుంటే ఒకరు కసిరినా ఇంకొకరు పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఇప్పుడు మన ఇళ్లలోనూ మిగిలింది నలుగురే కాబట్టి ఆ నలుగురూ నోరు జాగ్రత్తగా వాడాలి.

ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అమ్మను ఇప్పటికీ వదల్లేదు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి వచ్చానేమో అంటుంది. ఆమెను అని ఏం లాభం, ఒకప్పుడు వైద్యులే తల్లులను దోషులుగా నిలబెట్టారు. 1948లో ఫ్రీడా ఫ్రామ్ రైష్‌మన్ అనే వైద్యురాలు ఈ వ్యాధిని తెచ్చిపెట్టే తల్లి అనే భావనను ముందుకు తెచ్చింది. ఎందరో తల్లులు ఆ నిందను మోశారు. దానికి ఆధారమేదీ నిలబడలేదు. పెంపకం వల్ల ఈ వ్యాధి పుట్టదు.

జన్యువుల పాత్ర ఉంది, కానీ ఒక్క జన్యువు పని కాదు. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధన జన్యుపటంలో 287 చోట్ల ఈ వ్యాధితో సంబంధం కనిపెట్టింది, ఒక్కొక్క దాని వాటా చాలా చిన్నది. తల్లికో తండ్రికో, తోబుట్టువుకో ఉంటే మిగిలినవాళ్లకు వచ్చే అవకాశం సుమారు నూటికి పది. అచ్చు ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవారికి రాకుండా ఉండే అవకాశమే కొంచెం ఎక్కువ. మిగతాది కడుపులో ఉన్నప్పటి ఇబ్బందులు, కష్టమైన కాన్పు, బాల్యంలో తగిలిన దెబ్బలు, చిన్న వయసులో గంజాయి వంటివాటి కలయిక. మగపిల్లల్లో ఎక్కువగా పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల మధ్య, ఆడవాళ్లలో కొంత ఆలస్యంగా బయటపడుతుంది. మా తమ్ముడు హాస్టల్ స్నేహితులతో కొన్నాళ్లు గంజాయి తాగాడు. అదే కారణమని చెప్పలేను, తాగినవాళ్లలో ఎక్కువమందికి ఈ వ్యాధి రాదు. అయితే ఇంటి రక్తంలో ఇలాంటి చరిత్ర ఉన్న పిల్లవాడు దాని జోలికి పోవడం నిప్పుతో చెలగాటమే. ఆ చరిత్రను మా పెద్దలు దాచారు కాబట్టి వాడికి ఆ సంగతి తెలియనే తెలియదు.

మన ప్రాంతంలో ఈ వ్యాధిని మరికొన్నిటితో కలిపేస్తారు. ఐనవోలు మల్లన్న జాతరలో, మేడారంలో శివసత్తులు పూనకంతో ఊగుతారు. అది రోగం కాదు. డప్పు మోగినప్పుడు వస్తుంది, తంతు ముగిశాక దిగుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు దండం పెడతారు, మర్నాడు ఆమె మామూలుగా నాట్లకు పోతుంది. స్కిజోఫ్రేనియా గొంతుకు వేళాపాళా లేదు. అది మనిషిని పని నుంచి, నలుగురి నుంచి విడదీస్తుంది.

ఇంకొకటి కల్తీ కల్లు. ఉత్తర తెలంగాణలో చాలాచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలపడం అందరికీ తెలిసిన సంగతే. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి అలాంటి కల్లు దొరకకుండా పోయినప్పుడు నిజామాబాద్ వైపు ఎంతోమంది మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులకు చేరారు. అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగితే ఒళ్లు వణుకుతుంది, లేని పురుగులు కనిపిస్తాయి, తానెక్కడున్నాడో, ఇవాళ ఏ వారమో తెలియదు. స్కిజోఫ్రేనియా ఉన్నవాడికి సాధారణంగా చోటూ, రోజూ తెలుస్తాయి. జ్వరంతో రెండు మూడు రోజుల్లోనే మతి తప్పినా, బాలింతలో హఠాత్తుగా మార్పు వచ్చినా, అరవై దాటాక మొదటిసారి ఇలాంటివి కనిపించినా వేరే కారణం ఉండవచ్చు, ఆలస్యం చేయకూడదు. స్కిజోఫ్రేనియాను పట్టి ఇచ్చే రక్తపరీక్ష గానీ స్కాను గానీ లేదు. ఆ పరీక్షలు రాసేది ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికే. నిర్ధారణ జరిగేది మనిషితో, ఇంటివాళ్లతో మాట్లాడి, నెలల తరబడి సాగిన తీరును చూసి.

మాకు వృథాగా పోయిన కాలం పద్నాలుగు నెలలు. గాలి సోకిందన్నారు, ఎవరో మందు పెట్టారన్నారు. ఒక భూతవైద్యుడి తాయెత్తులు, నిమ్మకాయలు, ఒక గుడిలో పదకొండు రోజులు నిద్ర చేయడం. వాటి చుట్టూ తిరిగినందుకు అమ్మను నేను తప్పు పట్టను. ఆ భూతవైద్యుడు ఆమెతో గంటసేపు మాట్లాడాడు, ఆమె తప్పేమీ లేదన్నాడు. మేము చూపించిన మొదటి డాక్టరు మూడు నిమిషాల్లో చీటీ రాసి పంపాడు, రోగం పేరు కూడా చెప్పలేదు. అయితే వైద్యం మొదలుకావడం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుందని అధ్యయనాలు మళ్లీమళ్లీ చెబుతున్నాయి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఇలాంటి తీవ్ర వ్యాధి ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి వైద్యం అందడం లేదని తేలింది. గుజరాత్‌లో ఒక దర్గాలో దవా (మందు), దువా (ప్రార్థన) రెండూ కలిపి నడిపారు. దువా చేసే పెద్దలే రోగిని అక్కడే కూర్చున్న డాక్టరు దగ్గరికి పంపుతారు. మన గుళ్ల దగ్గర, దర్గాల దగ్గర అలాంటిది ఎందుకు పెట్టుకోకూడదు?

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. రోగి ‘ఫలానావాళ్లు బాణామతి చేయించారు’ అంటే దాన్ని ఊరంతా మోయకూడదు. మన జిల్లాల్లో మంత్రాల నెపంతో మనుషులను చంపిన ఘటనలు మనకు తెలిసినవే. వ్యాధి పుట్టించిన మాట ఒక అమాయకురాలి ప్రాణం తీయగలదు. స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లు హంతకులన్న భయం కూడా తలకిందులైనదే. వాళ్లు ఇతరులను కొట్టడం కంటే ఇతరుల చేత దెబ్బలు తినడమే ఎక్కువ. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది.

మందుల చరిత్ర 1952లో పారిస్‌లో మొదలైంది. శస్త్రచికిత్సలో మత్తుకు తోడుగా వాడిన క్లోర్‌ప్రోమజీన్, మానసిక రోగుల్లో గొంతులను, భ్రమలను తగ్గిస్తోందని అక్కడి వైద్యులు గమనించారు. ఆ మందు, దాని తర్వాత వచ్చినవి చాలావరకు డోపమైన్ పనిని అణచిపెడతాయి. అవి భ్రమను తుడిచేయవు, ‘ఇది ముఖ్యం’ అనే ఆ ముద్రను మసకబారుస్తాయి. మందులు మొదలైన మూడో వారంలో తమ్ముడు, "అన్నా, మైకు ఇంకా వస్తోంది గానీ అంత గట్టిగా పట్టుకోవడం లేదు" అన్నాడు. రెండు నెలలకు, "ఎవరి కోసం చెబుతారో చెప్పుకోనీ" అన్నాడు. మైకు నిజం కాదని వాడు ఆ రోజుకీ ఒప్పుకోలేదు, ఒప్పుకోవలసిన అవసరమూ రాలేదు.

మందులకు మూల్యం ఉంటుంది, దాన్ని దాచడం మోసం. చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం, కాలు ఒక చోట నిలవకపోవడం పాత మందుల్లో ఎక్కువ. కొత్తవాటిలో కొన్నింటితో బరువు, షుగరు పెరుగుతాయి. మా తమ్ముడు ఏడాదిలో పద్దెనిమిది కిలోలు పెరిగాడు. మన ఎండలతో ఇంకో చిక్కు ఉంది. ఈ మందుల్లో చాలావరకు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి. రామగుండంలో, మంచిర్యాలలో మే నెలలో 45 డిగ్రీలు దాటినప్పుడు ఈ మందులు వేసుకునే మనిషిని ఎండలో తిప్పకూడదు, అడక్కపోయినా నీళ్లు ఇవ్వాలి. చొరవ తగ్గినవాడు దాహమని కూడా అడగడు.

మేము చేసిన పెద్ద తప్పు ఎనిమిదో నెలలో మందులు ఆపడం. బాగానే ఉన్నాడు కదా అనుకున్నాం. నలభై రోజులకు మైకు తిరిగి వచ్చింది, ఈసారి టీవీ మీద దుప్పటి కప్పాడు. బాగున్నది మందుల వల్లేనన్న ఆలోచన మాకు రాలేదు. మాత్రలు మింగడం కష్టమైనవాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. రెండు రకాల మందులు తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా గుణం కనిపించనివాళ్లకు క్లోజాపిన్ ఉంది. ఫిన్లాండ్‌లో రక్తకణాలు పడిపోయి కొందరు చనిపోవడంతో 1975లో చాలా దేశాల్లో ఆ మందును పక్కన పెట్టారు. ఏ మందుకూ లొంగనివాళ్ల మీద జరిపిన పరీక్షలో అది 30 శాతం మందికి పనిచేసిందని, పోల్చి చూసిన పాత మందు 4 శాతానికే పనిచేసిందని 1988లో తేలాక తిరిగి వచ్చింది. క్రమం తప్పని రక్తపరీక్షలు దాని షరతు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు హఠాత్తుగా మానితే రక్తంలో ఈ మందు మోతాదు పెరుగుతుంది కాబట్టి ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి.

కోలుకునేవాళ్లు ఎందరు అంటే, కనీసం ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలినవాళ్లలో చాలామంది మందులతో, తగిన పనితో బతుకు నడుపుకోగలరు. అయితే ఈ వ్యాధిలో సుమారు నూటికి అయిదుగురు ఆత్మహత్యతో చనిపోతారు. మొదటి సంవత్సరాల్లో, ముఖ్యంగా మతి తేటపడి తన నష్టమేమిటో తెలిసివచ్చే రోజుల్లో ఆ ముప్పు ఎక్కువ. అందరూ ‘బాగైంది’ అని ఊపిరి పీల్చుకునే ఆ రోజుల్లోనే పక్కన మనిషి ఉండాలి.

పెళ్లి చేస్తే కుదురుతుందన్న సలహా మాకూ వచ్చింది. వ్యాధి దాచి చేసిన పెళ్లి ఇద్దరి గొంతూ కోస్తుంది. హిందూ వివాహ చట్టం విడాకుల కారణాలను చెప్పే చోట స్కిజోఫ్రేనియా పేరును నేరుగా రాసింది. రోగం పేరు ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమని, తీవ్రతను చూడాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. అన్నీ చెప్పి, వ్యాధి అదుపులో ఉన్నప్పుడు చేసుకున్నవాళ్లు సంసారాలు చేసుకుంటున్నారు.

పోయిన నెలలో మా సందులో ఉండే ఒక అక్క వచ్చింది. కొడుకు రెండు నెలలుగా గదికి లోపల గడియ పెట్టుకుంటున్నాడట. "రోగమని ఒప్పుకోడు, ఎట్లా తీసుకుపోవాలి తమ్ముడూ?" అని అడిగింది. ఒప్పుకోకపోవడం మొండితనం కాదని, తనకు జబ్బుందని తెలియకపోవడం ఈ జబ్బులోనే ఒక భాగమని చెప్పాను. వాడు ‘నన్ను చంపుతారు’ అంటే ‘ఎవరూ చంపరు’ అనొద్దు, ‘అవును, చంపుతారు’ అని కూడా అనొద్దు, ‘అలా అనిపిస్తే నిద్ర ఎట్లా పడుతుంది బిడ్డా’ అని అడుగమన్నాను. వాడు డాక్టరు దగ్గరికి వస్తే నిద్ర కోసమే వస్తాడు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 రాసిచ్చాను, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందని, వ్యాధి ఏళ్ల తరబడి ఉండిపోతే వైకల్య ధ్రువపత్రానికి, పింఛనుకు దరఖాస్తు చేసుకునే హక్కు ఉందని, అది ఇప్పటి సంగతి కాదని చెప్పాను.

"వాడు రాకపోతే?" అంది.

"నువ్వు రా అక్కా, ముందు మనమే పోయి మాట్లాడదాం" అన్నాను.

సోమవారం పొద్దున ఓపీ చీటీ కోసం ఇద్దరం వరుసలో నిలబడ్డాం. కొడుకు ఎప్పటి నుంచి మాట్లాడటం తగ్గించాడో, ఎప్పుడు స్నానం మానేశాడో, ఏ రాత్రి ఏమన్నాడో ఆమె నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసుకొచ్చింది. డాక్టరు ఆ రెండు పేజీలూ చదివింది. ఆ వారం అతను రాలేదు. తర్వాతి వారం, నిద్ర మాత్ర అడుగుతానని, వచ్చాడు.